గర్భం రాకుండా ఏం వాడాలి? నన్ను అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

నాకు ఇప్పుడు 39, పెళ్లయి 16 ఏళ్లు. ఈ 16 ఏళ్లలో కండోమ్, మాత్రలు, కాపర్-టీ (గర్భసంచిలో పెట్టే రాగి లూప్), ఇంజక్షన్ అన్నీ చూశాను, చివరికి ఆపరేషన్ మా ఆయన చేయించుకున్నారు. ఆ సంగతి చుట్టాల్లో పాకిపోయింది. అప్పట్నుంచి పెళ్లయిన చెల్లెళ్లూ, తోటికోడలూ, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలూ ఫోన్ చేసి "అక్కా ఒక్క మాట, నవ్వకూడదు" అంటూ మొదలెడతారు. డౌట్లు మాత్రం ఎప్పుడూ అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాదు, కానీ వాడినదాన్ని, అడిగి తెలుసుకున్నదాన్ని. బీపీ, షుగర్, ఫిట్స్, మైగ్రేన్ లాంటివి ఏమున్నా డాక్టర్‌కి ముందే చెప్పండి.

## పెళ్లికి ముందు, పెళ్లయిన కొత్తలో

ఇప్పుడే పెళ్లయింది, ఏడాది రెండేళ్లు పిల్లలు వద్దనుకుంటున్నాం. ఏం వాడితే మంచిది?

మాలాగా "చూద్దాంలే" అనుకోకుండా మొదటి రోజు నుంచే కండోమ్‌తో మొదలెట్టండి, సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడేది అదొక్కటే. రోజూ గుర్తుపెట్టుకోగలిగే మనిషైతే మాత్రలు ఇంకా గట్టి. అమెరికా లెక్కల ప్రకారం మనుషులు మామూలుగా వాడే తీరులో 100 మంది ఏడాది పాటు వాడితే కండోమ్‌తో 13 మందికి, మాత్రలతో 7 మందికి గర్భం వస్తుంది. పొరపాటు లేకుండా వాడితే కండోమ్‌తో ఇద్దరికి, మాత్రలతో ఒక్కరికి కూడా రాదు. అంటే తేడా అంతా మన వాడకంలోనే. పర్స్‌లో నెలల తరబడి పెట్టుకున్న కండోమ్ వాడకండి, కొబ్బరి నూనె అస్సలు రాయకండి, రబ్బరు చిరిగిపోతుంది. ఇది మాకు అనుభవం అయ్యాకే తెలిసింది.

మొదటి కాన్పు కాకముందు మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరంట కదా?

పుడతారు. మా అత్తమ్మ కూడా ఇదే మాట అనేది, నేను 8 నెలలు వాడి మానేసిన మూడో నెలకే నెల తప్పింది. మాత్రలు అండం విడుదల కాకుండా ఆపుతాయి, మానేయగానే అది మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర ఈ భయం ఎందుకు పట్టుకుందంటే, మాత్రలు మానేశాక పిల్లలు ఆలస్యమైన వాళ్లకి కారణం వేరే ఉన్నా (థైరాయిడ్, పీసీఓడీ, ఒక్కోసారి మగవాళ్లలోనే లోపం) నింద మాత్రం పాపం మాత్ర మీద పడుతుంది.

మాత్రలు ఏ రోజు మొదలెట్టాలి? మధ్యలో ఒకరోజు మర్చిపోతే?

మాలా-డి, మాలా-ఎన్ లాంటివైతే డేట్ వచ్చిన మొదటి 5 రోజుల్లో మొదలెట్టాలి. షీట్‌లో 28 ఉంటాయి, 21 అసలువి, 7 ఐరన్ మాత్రలు. రోజూ ఒకే టైమ్, నేనైతే రాత్రి పళ్లు తోముకునే బ్రష్ పక్కనే షీట్ పెట్టుకున్నా. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని ఆరోజుది మామూలు టైమ్‌కే వేసుకోండి. రెండు లేదా ఎక్కువ పోతే గుర్తురాగానే ఒకటి వేసుకుని షీట్ కంటిన్యూ చేస్తూ 7 రోజులు కండోమ్ కూడా వాడాలి. ఐరన్ మాత్ర పోతే ఫర్వాలేదు. మాలా-ఎన్ పీహెచ్‌సీలో, ఆశా వర్కర్ దగ్గర ఫ్రీగానే దొరుకుతుంది, అడగడానికి సిగ్గుపడకండి, వాళ్లు రోజూ వినే మాటే.

పిల్స్ వేసుకుంటే లావైపోతామా? వికారంగా ఉంటుందా?

మొదటి రెండు మూడు నెలలు నాకు వికారం, కొంచెం స్పాటింగ్ (డేట్ కాని రోజుల్లో మరకలు), రొమ్ముల్లో బరువు ఉండేవి, తర్వాత సర్దుకున్నాయి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గింది. బరువు మాత్రం పెరగలేదు, పెరిగినవాళ్లలో సగం మంది పెళ్లి భోజనాల వల్లే పెరిగారని నా అనుమానం. అసలు జాగ్రత్త వేరే ఉంది. 35 దాటి సిగరెట్ అలవాటున్నవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులొచ్చి మైగ్రేన్ వచ్చేవాళ్లు, ఇంతకుముందు కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు ఈ రకం మాత్రలు వాడకూడదు. వాడుతున్నప్పుడు పిక్క వాచి నొప్పి రావడం, ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి లాంటివి వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

సేఫ్ డేస్ లెక్కపెట్టుకుంటే చాలదా?

మా ఫ్రెండ్ ఒకమ్మాయి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టేది, వాళ్ల పెద్దోడిని ఇప్పటికీ "క్యాలెండర్ బాబు" అనే పిలుస్తాం. అండం విడుదలయ్యేది తర్వాతి డేట్‌కి సుమారు 14 రోజుల ముందు, కానీ ఆ తర్వాతి డేట్ ఎప్పుడొస్తుందో ముందే ఎలా తెలుస్తుంది? జ్వరమొచ్చినా, ప్రయాణమైనా, పరీక్షల టెన్షన్‌కి కూడా జరుగుతుంది. పైగా వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి. డేట్స్ గడియారంలా వచ్చేవాళ్లు కూడా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దనే చెప్తాను.

మా ఆయన కండోమ్ వద్దంటారు, నేను జాగ్రత్తగా బయటికి తీసేస్తా అంటారు. నమ్మొచ్చా?

మనిషిని నమ్మండి, పద్ధతిని నమ్మకండి. ఏడాదిలో 100 మందిలో 20 మందికి ఫెయిలయ్యే పద్ధతి అది. మేమూ మొదటి ఏడాది అలాగే నెట్టుకొచ్చి ప్రతి నెలా డేట్ వచ్చేదాకా నిద్రలేకుండా గడిపాం, అంటే నేను గడిపాను, ఆయన హాయిగానే పడుకునేవారు. కండోమ్ ఇష్టం లేకపోతే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లి వేరేది అడగండి. ఆయన్ని కూడా తీసుకెళ్లడం ముఖ్యం, మనం వచ్చి చెప్తే "నీకెవరో ఏదో ఎక్కించారు" అంటారు.

నాకు పెళ్లి కాలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏమైనా అంటారా?

కొందరు అంటారు, అబద్ధం చెప్పను. నాతో పనిచేసే ఒకమ్మాయిని ఒక క్లినిక్‌లో "మీ అమ్మకి తెలుసా" అని అడిగారంట, 26 ఏళ్ల పిల్లని. కానీ 18 నిండినవాళ్లు గర్భనిరోధకాలు అడగడానికి ఏ అడ్డూ లేదు, అమ్మానాన్నల అనుమతి అక్కర్లేదు. 2021లో గర్భవిచ్ఛిత్తి చట్టం మార్చినప్పుడు భర్త అనే చోట భాగస్వామి అని రాశారు, 2022లో సుప్రీంకోర్టు పెళ్లికాని ఆడవాళ్లకి కూడా ఆ చట్టం సమానంగా వర్తిస్తుందని తేల్చింది. ఒక డాక్టర్ నీతులు చెప్తే ఇంకో డాక్టర్ని చూసుకోండి.

పీసీఓడీ ఉంది, డేట్స్ మూడు నెలలకోసారి వస్తాయి. నాకు అసలు ఏమైనా అవసరమా?

అవసరమే. పీసీఓడీలో అండం విడుదల తక్కువసార్లు అవుతుంది, అసలు అవ్వదని కాదు, ఎప్పుడవుతుందో చెప్పలేం అంతే. మా ఆడబిడ్డ "నాకు ట్రీట్‌మెంట్ లేకుండా రాదులే" అనుకుని ఐదో నెలలో కనిపెట్టింది. పీసీఓడీకి డాక్టర్ ఇచ్చే హార్మోన్ మాత్రల్లో చాలావరకు గర్భనిరోధక మాత్రలే, మీ షీట్ ఆ రకమా కాదా అని రాసిచ్చినప్పుడే అడగండి.

వ్రతం ఉందని డేట్ వాయిదా పడే మాత్రలు వేసుకుంటున్నా. ఆ టైమ్‌లో గర్భం రాదు కదా?

వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికో, తిరుపతి వెళ్లేముందో, ఇంట్లో పెళ్లికో మెడికల్ షాపులో కొనుక్కునే ప్రిమోలట్ లాంటివి డేట్‌ని వాయిదా వేస్తాయి, అంతవరకే. గర్భం ఆపుతాయని వాటి మీద ఆధారపడకూడదు. ఇంకో చిక్కు ఏంటంటే డేట్ రాకపోతే "మాత్రల వల్లేలే" అనుకుని అసలు సంగతి గుర్తించడం ఆలస్యమవుతుంది. మానేసిన వారం పది రోజుల్లో డేట్ రాకపోతే టెస్ట్ చేసుకోండి.

## పొరపాటు జరిగిపోయింది

ఐపిల్ ఎన్ని గంటల్లోపు వేసుకోవాలి? నెలకి ఎన్నిసార్లు వేసుకోవచ్చు?

ఐపిల్ అంటే జాగ్రత్త లేకుండా కలిశాక వేసుకునే అత్యవసర మాత్ర. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి, కానీ ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, రేపు చూద్దాంలే అనుకోవద్దు. డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతుంది. అది అండం విడుదలని వాయిదా వేస్తుంది, అప్పటికే విడుదలైపోతే పెద్దగా పనిచేయదు, నిలిచిన గర్భాన్ని మాత్రం తీసేయదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ ఒకటి వేసుకోవాలి. పెళ్లయిన కొత్తలో నేను ఒక్క నెలలో రెండుసార్లు వేసుకున్నా, ఆ తర్వాత రెండు నెలలు డేట్స్ ఇష్టమొచ్చినట్టు వచ్చాయి. విషం కాదు గానీ రోజువారీ పద్ధతిగా పనికిరాదు, ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. నెలనెలా దాని అవసరం పడుతుంటే మీకు వేరే పద్ధతి కావాలని అర్థం. ఇంకో దారి కూడా ఉంది, 5 రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఏ మాత్రకంటే గట్టిగా పనిచేస్తుంది, మన దగ్గర ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఐపిల్ వేసుకున్నా, డేట్ రాలేదు. భయంగా ఉంది.

వారం అటూ ఇటూ అవ్వడం మామూలే. అనుకున్న డేట్ దాటి వారమైతే ఇంట్లోనే కిట్‌తో పొద్దున్నే మొదటి యూరిన్‌తో టెస్ట్ చేసుకోండి. మధ్యలో రోజూ టెస్ట్ చేసుకుంటే డబ్బులు దండగ, నేను నాలుగు కిట్లు పాడుచేశాను.

బొప్పాయి, నువ్వులు బెల్లం తింటే పోతుందా?

పోదు. అలా పోయేదైతే ఇన్ని ఆస్పత్రులు ఎందుకు. బొప్పాయి తిని పది రోజులు ఎదురుచూస్తే పోయేది టైమ్ ఒక్కటే.

టెస్ట్ పాజిటివ్ వచ్చింది, మాకు వద్దు. మెడికల్ షాపులో గర్భం తీసే మాత్రల కిట్ తెచ్చుకుని వేసుకోవచ్చా?

వేసుకోకండి, డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఆ మాత్రలు 9 వారాల్లోపు బాగా పనిచేసేవే, కానీ ముందు గర్భం గర్భసంచిలోనే ఉందా, అండం వచ్చే ట్యూబులో ఉందా చూడాలి, ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ప్రాణం మీదకొస్తుంది. మా ఊళ్లో ఒకావిడ ఇలాగే షాపువాడిచ్చినవి వేసుకుని మూడు వారాలు బ్లీడింగ్‌తో తిరిగి చివరికి రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చింది. మన దేశంలో ఇది చట్టప్రకారం చేయించుకోవచ్చు, వాడుతున్న పద్ధతి ఫెయిలైంది అన్నది కూడా చట్టంలో రాసిన కారణమే, 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 18 నిండితే మీ సంతకం ఒక్కటే కావాలి, భర్తదో అత్తగారిదో తెమ్మంటే అది వాళ్ల సొంత రూలు.

## మొదటి బిడ్డ పుట్టాక

పాలిస్తున్నా, డేట్ ఇంకా రాలేదు. ఏమీ వాడకపోయినా ఫర్వాలేదా?

మూడూ ఉంటేనే ఫర్వాలేదు. బిడ్డకి 6 నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలే తప్ప నీళ్లు, పోతపాలు, ఉగ్గు ఏదీ పెట్టకూడదు, డేట్ అసలు వచ్చి ఉండకూడదు. ఒక్కటి తప్పినా నమ్మడానికి లేదు. మన ఇళ్లలో మూడో నెలకే అమ్మమ్మ తేనె నాకిస్తుంది, నాయనమ్మ పోతపాలు కలుపుతుంది. ఇంకోటి, డేట్ రావడానికి రెండు వారాల ముందే అండం విడుదలవుతుంది కాబట్టి డేట్ చూశాక జాగ్రత్తపడదాం అంటే కుదరదు. మా బాబుకి 7 నెలలప్పుడు నాకు కళ్లు తిరిగి టెస్ట్ చేసుకుని నెగిటివ్ వచ్చేదాకా బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. సిజేరియన్ కుట్టు నొప్పి కూడా తగ్గలేదు అప్పటికి. డిశ్చార్జ్ చేసేటప్పుడు పథ్యం గురించి పావుగంట చెప్పిన ఆస్పత్రిలో దీని గురించి ఒక్క మాట చెప్పలేదు.

పాలిచ్చేవాళ్లు ఏ మాత్రలు వేసుకోవచ్చు?

మామూలు మాలా-డి రకం 6 నెలల దాకా వద్దు, అందులో ఉండే ఈస్ట్రోజెన్ పాల మీద ప్రభావం చూపొచ్చు. ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్ ఒక్కటే ఉండే మాత్రలుంటాయి, సెరజెట్ లాంటివి, డాక్టర్ రాసిస్తారు. హార్మోనే లేని ఛాయ కూడా వాడొచ్చు, బయట సహేలి అని దొరికేది అదే మందు.

ఛాయ అంటే ఏంటి, వారానికి ఒక్కటేనా?

లక్నోలో సీడీఆర్ఐ అనే సర్కారు మందుల పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టిన మన దేశపు మందు, 1991లో సహేలి పేరుతో వచ్చింది, 2016లో ఛాయ పేరుతో సర్కారు ఆస్పత్రుల్లో ఫ్రీగా ఇవ్వడం మొదలెట్టారు. మొదటి 3 నెలలు వారానికి రెండుసార్లు, డేట్ వచ్చిన మొదటి రోజు ఒకటి, మూడు రోజులకి రెండోది, ఉదాహరణకి ఆదివారం, బుధవారం. 3 నెలల తర్వాత వారానికి ఒక్కటి. వికారం ఉండదు గానీ డేట్స్ దూరం జరుగుతాయి, 40, 45 రోజులకి రావచ్చు, ఆ టెన్షన్ తట్టుకోలేని వాళ్లకి కష్టం. మా తోటికోడలు రెండేళ్లు వాడింది, ఫోన్‌లో అలారం పేరు "ఛాయమ్మ" అని పెట్టుకుంది, పక్కన ఎవరున్నా అర్థం కాకుండా.

కాపర్-టీ వేయించుకుంటే నొప్పి ఉంటుందా? నిజం చెప్పండి.

నిజం చెప్తా. వేసే రెండు మూడు నిమిషాలు డేట్ నొప్పి గట్టిగా వచ్చినట్టు ఉంటుంది, ఒక్క క్షణం కళ్లు తిరిగినట్టైంది నాకు. నాకు సిజేరియన్ కాబట్టి ఇంకొంచెం ఎక్కువైందేమో తెలీదు, నార్మల్ డెలివరీ అయిన మా అక్క "అయిపోయిందా?" అని అడిగిందంట. గంట ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్లండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, ఆరోజుకి వంట పెట్టుకోకండి.

అసలు కష్టం తర్వాత. మొదటి 4 నెలలు డేట్స్ 4 రోజుల నుంచి 7 రోజులకి పెరిగాయి, గడ్డలు గడ్డలుగా పోయేది, తీయించేద్దామని రెండుసార్లు ఆటో ఎక్కి మళ్లీ దిగాను. ఐదో నెల నుంచి తగ్గింది, ఆ తర్వాత మూడున్నరేళ్లు ఒంట్లో ఉందన్న సంగతే మర్చిపోయా. నాకు అన్నిట్లోకీ హాయి అనిపించింది ఇదే, ఎందుకంటే రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు, ఎవర్నీ బతిమాలే పని లేదు. 380-ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తాయి, ఏది వేశారో కార్డు మీద రాయించుకోండి. ముందే రక్తం తక్కువగా ఉన్నవాళ్లు, డేట్‌లో బ్లీడింగ్ బాగా ఎక్కువయ్యేవాళ్లు మాత్రం ఆలోచించుకోండి.

కాపర్-టీ పైకి పాకి కడుపులోకి, గుండెలోకి వెళ్లిపోతుందంట?

గుండెలోకి దారే లేదు. వేసేటప్పుడు సంచి గోడకి గుచ్చుకుని కడుపులోకి జారడం చాలా అరుదుగా జరుగుతుంది. ఎక్కువగా జరిగేది కిందికి జారి ఊడిపోవడం, అది కూడా మొదటి కొన్ని నెలల్లోనే. అందుకే డేట్ అయ్యాక శుభ్రంగా చేతులు కడుక్కుని దారం తగులుతుందో లేదో చూసుకోమంటారు. దారం దొరక్కపోతే స్కాన్ తీయించుకోండి, ఈలోగా కండోమ్ వాడండి.

దారం గుచ్చుకుంటోందని మా ఆయన అంటున్నారు.

డాక్టర్ దగ్గర ఇంకొంచెం కత్తిరించుకుంటే సరిపోతుంది, నిమిషం పని. మరీ పొట్టిగా కత్తిరిస్తే ఇంకా గుచ్చుకుంటుంది. కొన్ని వారాలకి దారం మెత్తబడుతుంది కూడా.

డెలివరీ అవ్వగానే అక్కడే కాపర్-టీ వేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

కాన్పయిన 48 గంటల్లోపు వేయొచ్చు, సిజేరియన్‌లో అయితే కుట్లు వేసేముందే పెట్టేస్తారు, నొప్పి విడిగా తెలీదు. ఊడిపోయే అవకాశం మామూలుగా వేసినదానికంటే కాస్త ఎక్కువ, 6 వారాలకి చూపించుకోవాలి. పద్ధతి మంచిదే. నాకు మండేది ఎక్కడంటే అడక్కుండా వేసేయడం. మా పిన్ని కూతురికి ఒక ఆస్పత్రిలో చెప్పకుండా వేశారు, రెండేళ్ల తర్వాత వేరే నొప్పికి స్కాన్ తీస్తే బయటపడింది, ఈలోగా పిల్ల రెండో బిడ్డ కోసం ట్రీట్‌మెంట్‌కి తిరుగుతోంది. తొమ్మిదో నెలలోనే మీ ఇష్టం ఏంటో కేస్‌షీట్ మీద రాయించండి.

అంతర ఇంజక్షన్ ఎలా ఉంటుంది?

3 నెలలకి ఒకటి, చేతికో పిరుదుకో ఇస్తారు. 2017 నుంచి సర్కారు ఆస్పత్రుల్లో ఫ్రీ, ఒక కార్డు ఇస్తారు. వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రెండో పాప పుట్టాక నేను 3 ఇంజక్షన్లు తీసుకున్నా. మొదటి దానికి 20 రోజులు స్పాటింగ్, తర్వాత డేట్స్ పూర్తిగా ఆగిపోయాయి. డేట్ రాకపోతే చెడు రక్తం లోపలే గడ్డకడుతుందని మా అమ్మ గొడవ, కానీ అసలు లోపల పొర ఏర్పడకపోతే పోవడానికి రక్తం ఎక్కడుంటుంది. నాకు 4 కిలోలు పెరిగింది, చిరాకు కూడా ఎక్కువైంది, అందుకే మానేశా. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడుకోవాల్సిన పరిస్థితిలో ఉన్న ఆడవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచిది లేదు, మాత్రల షీట్ దాచుకునే పని ఉండదు.

టీబీ మందులు వాడుతున్నా, పిల్స్ పనిచేస్తాయా?

సరిగ్గా పనిచేయవు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు, కొన్ని ఫిట్స్ మందులు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గించేస్తాయి. కాపర్-టీ లేదా ఇంజక్షన్ గురించి అడగండి. జలుబుకీ గొంతునొప్పికీ వాడే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ సమస్య లేదు.

డెలివరీ తర్వాత అమెరికా వెళ్తున్నా డిపెండెంట్ వీసా మీద. అక్కడ ఎలా?

అక్కడ చాలా మాత్రలకి డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కావాలి, ఇన్సూరెన్స్ మొదలయ్యేదాకా ఇబ్బంది. 2024 నుంచి ఓపిల్ అనే మాత్ర చీటీ లేకుండానే షాపుల్లో దొరుకుతోంది, దాన్ని మాత్రం రోజూ దాదాపు అదే గంటకి వేసుకోవాలి, 3 గంటలు ఆలస్యమైనా రెండు రోజులు కండోమ్ వాడాలి. మా కజిన్ వెళ్లేముందే ఇక్కడ కాపర్-టీ వేయించుకుని ఎక్కేసింది, తెలివైన పని అనుకున్నా.

## మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పుడు

అన్నీ మానేశాక ఎన్నాళ్లు ఆగాలి?

కాపర్-టీ తీయించిన వెంటనే, మాత్రలు ఆపిన వెంటనే ప్రయత్నించొచ్చు, ఒంట్లో మందు పోవాలి అని ఆగక్కర్లేదు. ఇంజక్షన్ ఒక్కటే తేడా, చివరిది వేసుకున్నాక గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. వచ్చే సంక్రాంతికి బిడ్డ కావాలని లెక్కలేసుకునేవాళ్లు దాన్ని ఎంచుకోకండి.

## ఇక చాలు అనుకున్నాక

రెండో కాన్పులోనే ఆపరేషన్ చేయించేయమని అందరూ అంటున్నారు. చేయించుకోవాలా?

మన దగ్గర ఫ్యామిలీ ప్లానింగ్ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి 15-49 మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ (ట్యూబులు కట్టే ఆపరేషన్) అయిపోయి ఉంది, దేశం మొత్తం చూస్తే 38 శాతమే. మాత్రలు, కాపర్-టీ వాడేవాళ్లు వందకి ఒక్కరు కూడా లేరు. అంటే మనవాళ్లు పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అని పాతికేళ్లు నిండకముందే ముగించేస్తారు, మధ్యలో ఏదైనా ఉందని చెప్పేవాళ్లే లేరు.

నన్నైతే రెండో సిజేరియన్ టేబుల్ మీద, మత్తు ఇచ్చాక అడిగారు, "కట్ చేసేద్దామా అమ్మా" అని, కొబ్బరికాయ కొడదామా అన్నట్టు. వద్దన్నాను. తర్వాత చేయించుకున్నా తప్పు లేదు, ఆ టేబుల్ మీద ఆ నిమిషంలో తేల్చే విషయం కాదనిపించింది. నిజంగా పిల్లలు చాలనుకుంటే ఆపరేషన్ మంచి పద్ధతే, నేను దానికి వ్యతిరేకం కాదు. శాశ్వతం అనుకునే చేయించుకోవాలి. నార్మల్ డెలివరీ అయితే 7 రోజుల్లోపు చిన్న కోతతో చేస్తారు, సిజేరియన్ అయితే దాంతోపాటే, ల్యాప్ (సన్న గొట్టంతో లోపల చూస్తూ చేసేది) అయితే కాన్పయ్యాక కనీసం 6 వారాలకి.

ఆపరేషన్ చేయించుకుంటే నడుం పడిపోతుంది, బరువులు ఎత్తలేం అంటారు?

మా అమ్మకి 1988లో మా మండలం స్కూల్లో పెట్టిన క్యాంపులో చేశారు, బెంచీల మీద పడుకోబెట్టి. నడుం నొప్పి వచ్చినప్పుడల్లా "ఆ ఆపరేషనే" అంటుంది. ట్యూబు కట్టడానికీ నడుముకీ సంబంధం లేదు, హార్మోన్లూ డేట్సూ ఎప్పటిలాగే ఉంటాయి. కానీ ఆపరేషన్ మర్నాటి నుంచే నీళ్లు మోసి, నాట్లకి వెళ్లి, చంటిపిల్లని ఎత్తుకున్న తరం అది, నడుం పోకుండా ఎలా ఉంటుంది. వారం రోజులు బరువు పనులు వద్దు.

క్యాంపుల్లో చేయించుకోవచ్చా, ప్రమాదం కాదా?

2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర క్యాంపుల్లో ఆపరేషన్లయ్యాక 13 మంది ఆడవాళ్లు చనిపోయారు, ఒక క్యాంపులో ఒకే డాక్టర్ ఒక్కరోజులో 83 మందికి చేశాడు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రిలో, మామూలు రోజున చేయించుకోండి, బీపీ, హిమోగ్లోబిన్, యూరిన్ టెస్ట్ ముందు చేస్తున్నారో లేదో చూసుకోండి.

మా ఆయన సంతకం కావాలా?

సర్కారు నిబంధనల ప్రకారం అక్కర్లేదు. ఆడవాళ్లకైతే 22 నుంచి 49 మధ్య వయసు, పెళ్లయి ఉండాలి, ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒకరుండాలి, మీ సంతకం ఉండాలి. ఫారం తెలుగులో చదివి వినిపించమనండి.

ఆపరేషన్ అయ్యింది, అయినా నెల తప్పింది!

జరుగుతుంది, 200 మందిలో ఒకరికి. వెంటనే టెస్ట్, వెంటనే స్కాన్, ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత వచ్చే గర్భం ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. సర్కారు లెక్కలో చేయించుకుని ఉంటే ఫెయిలైనందుకు పరిహారం ఉంటుంది, దానికి సర్టిఫికెట్ కావాలి, అందుకే ఆ కాగితం రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచుకోండి. మీ మీద అనుమానపడేవాళ్లుంటే డాక్టర్‌తోనే ఈ అంకె చెప్పించండి.

పిల్లలు ఇద్దరూ ఆడపిల్లలే, అత్తగారు ఆపరేషన్ వద్దంటున్నారు.

ఆడా మగా తేల్చేది మగవాళ్ల వీర్యకణమే అని మా తోటికోడలు మా అత్తమ్మకి పదిసార్లు చెప్పింది, లాభం లేదు. చివరికి "సరే అత్తయ్యా, ఆపరేషన్ చేయించుకోనులెండి" అని 10 ఏళ్ల కాపర్-టీ వేయించుకుంది. గొడవా లేదు, మూడో కాన్పూ లేదు.

మగవాళ్లు చేయించుకుంటే బలం తగ్గుతుందా? మా ఆయన భయపడుతున్నారు.

మా ఇంట్లో ఇది ఆరు నెలల చర్చ. నేను రెండు సిజేరియన్లు, మాత్రలు, కాపర్-టీ, ఇంజక్షన్ అన్నీ లెక్కపెట్టి చెప్పి "ఇప్పుడు మీ వంతు" అన్నా. ఆయన భయాలన్నీ రాసుకుని డాక్టర్‌ని అడిగారు. కోత లేని వేసెక్టమీలో కత్తి ఉండదు, చిన్న రంధ్రం, ఆ చోటుకే మత్తు, 15-20 నిమిషాలు, కుట్లు లేవు. వీర్యకణాలు వచ్చే గొట్టాన్ని మూసేస్తారు, మగ హార్మోన్ రక్తంలో కలిసి తిరిగేది కాబట్టి దానికేమీ కాదు, గడ్డం ఊడదు, గొంతు మారదు, మంచం మీద ఏ తేడా ఉండదు. మా ఆయన శుక్రవారం చేయించుకుని సోమవారం ఆఫీసుకెళ్లారు, రెండు రోజులు ఐస్ ప్యాక్ పెట్టుకుని క్రికెట్ చూశారు. వారం పాటు గ్యాస్ సిలిండర్ నేనే జరిపాను, అదొక్కటే నా కష్టం.

ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలిక, ఫెయిలయ్యేదీ తక్కువ, అయినా దేశంలో 0.3 శాతమే. ఎమర్జెన్సీలో, 1975-77 మధ్య మగవాళ్లని పట్టుకెళ్లి చేశారన్న భయం ఇంకా పోలేదంటారు, ఆ తర్వాత సర్కారు కూడా బరువంతా ఆడవాళ్ల మీదికి తోసేసింది. మా ఆయన చేయించుకున్నాక మా మావయ్యగారు రెండు నెలలు నాతో మాట్లాడలేదు, ఆయనతో మాత్రం బాగానే మాట్లాడారు.

వేసెక్టమీ అయిన రోజు నుంచే ఏమీ వాడక్కర్లేదా?

వాడాలి! గొట్టంలో మిగిలిన కణాలు పోవడానికి 3 నెలలు పడుతుంది, అప్పటిదాకా కండోమ్. 3 నెలల తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని రిపోర్ట్ వచ్చాకే ఆపాలి. ఆ టెస్ట్‌కి వెళ్లకుండా ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, తర్వాత నెల తప్పితే భార్యని అనుమానిస్తారు.

ఇద్దరికంటే ఎక్కువుంటే ఎలక్షన్లో నిలబడకూడదంట, నిజమేనా?

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకి ఉన్న ఆ రూలు 2024 నవంబర్‌లో అసెంబ్లీ ఎత్తేసింది. నిన్నటిదాకా ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ఎక్కువ కనమంటున్నారు. కనేదీ పెంచేదీ మనం కాబట్టి లెక్క కూడా మనమే వేసుకుందాం.

## నలభై దగ్గరపడ్డాక

బ్లీడింగ్ బాగా ఎక్కువైంది, పిల్లలు ఎలాగూ వద్దు కదా, గర్భసంచి తీయించేసుకోమంటున్నారు.

తొందరపడకండి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో అందరికంటే ఎక్కువ ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే, 30, 35 ఏళ్లకే తీసేసిన వాళ్లు మీ ఊళ్లో కూడా ఉంటారు. ముందు స్కాన్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించి ఎందుకవుతోందో కనుక్కోండి. క్యాన్సర్ లాంటిది కాకపోతే మిరెనా అని హార్మోన్ ఉండే లూప్ ఒకటుంది, కాపర్-టీలాగే వేస్తారు, బ్లీడింగ్ బాగా తగ్గిస్తుంది, గర్భమూ ఆపుతుంది, 5 ఏళ్లకి తక్కువ కాకుండా పనిచేస్తుంది. ఖరీదే, కానీ ఆపరేషన్ కంటే తక్కువే. మా అక్క 42లో ఇది వేయించుకుంది, మొదటి మూడు నెలలు స్పాటింగ్‌తో విసిగిపోయింది, ఇప్పుడు ప్యాడ్ కొనడమే మానేసింది. వాళ్ల ఊళ్లో ఒక డాక్టర్ ఆపరేషన్‌కి డేట్ కూడా ఇచ్చేశారు, రెండో డాక్టర్ దగ్గరికి వెళ్లింది కాబట్టి తప్పింది.

45 దాటాయి, ఇంకా వాడాలా? ఎప్పుడు ఆపొచ్చు?

50 లోపే డేట్స్ ఆగిపోతే చివరి డేట్ తర్వాత రెండేళ్లు, 50 దాటాక ఆగితే ఒక ఏడాది వాడాలి. మధ్యలో మూడు నెలలు రాలేదని ఆగిపోయిందనుకోవద్దు, నాలుగో నెల అండం విడుదల కావచ్చు. మా దూరపు పిన్ని ఒకావిడ 46లో "ముట్లుడిగాయిలే" అనుకుంది, కూతురి సీమంతం నాటికి ఆవిడకి మూడో నెల. తల్లీకూతుళ్లకి ఆరు నెలల తేడాతో పురుళ్లు వచ్చాయి, మేనమామ అక్క కొడుకు కంటే చిన్నోడు.